ఇరవైమూడు దిష్టిచుక్కలు

నసీమున్నీసా చేసిన తప్పు ఒక్కటే. జయరావు గారిని నమ్మింది. ఒకసారి నమ్మితే పోనీలే అనుకోవచ్చు, ఆమె స్థానంలో ఎవరున్నా నమ్మేవారే. రెండోసారి కూడా నమ్మింది చూడండి, అది తలుచుకుంటే మాత్రం కడుపు మండుతుంది.

అలా నమ్మబుద్ధేసే మనిషే ఆయన. గుంటూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు హెడ్డు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మెత్తటి మాట, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. పిల్లల్ని ఏరా అని ఎరగడు, అటెండరుని సైతం పేరు పెట్టి, చివర గారు తగిలించి పిలిచేవాడు.

నసీమున్నీసా తండ్రి హుస్సేన్ సాహెబ్ దూదేకుల మనిషి. సొంతూరు పర్చూరు అయినా నల్లపాడు వచ్చి స్థిరపడి, స్టేషనుకి వెళ్లే దారిలో ఇంటి ముందు రేకుల పందిరి వేసుకుని, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కూతురు జయరావు గారి కాలేజీలోనే బియస్సీ పాసవగానే ఇక చదివింది చాలన్నాడు. అప్పుడు జయరావు గారు స్కూటరు మీద వచ్చారు. కుర్చీ వేయబోతే వద్దని దూది మూట మీదే కూర్చుని గంటసేపు నచ్చజెప్పారు.

"సాహెబ్ గారూ, మీ అమ్మాయివి మామూలు కళ్లు కావండి. నా ఇరవయ్యేళ్ల సర్వీసులో వెర్నియర్ స్కేలు ఇంత సరిగ్గా చదివిన పిల్లని చూడలేదు," అన్నారు.

వెర్నియర్ అంటే ఏమిటో హుస్సేన్ సాహెబ్‌కి తెలియదు. అంత పెద్దాయన తన కూతురి కళ్లని మెచ్చుకుంటున్నాడని తెలిసింది, ఎమ్మెస్సీకి పంపించాడు. చదువయ్యాక తన డిపార్టుమెంటులోనే ఆమెని టెంపరరీ డెమాన్‌స్ట్రేటరుగా వేయించింది కూడా జయరావు గారే. అప్పట్నించీ ఆ ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. ఆయన చొక్కా మీద దూది అంటుకుందని ఆ రోజు తల్లి జైనాబీ పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

ఎనభై అయిదు వేసవి సెలవుల్లో జయరావు గారు అరవదేశంలో కొండ మీదున్న ఒక అబ్జర్వేటరీకి వెళ్లి నెల్లాళ్లు ఉండి, తిరిగొస్తూ బిస్కెట్ల డబ్బా నిండా ఫిల్ములు తెచ్చారు. ఇరవైమూడు గెలాక్సీల ఫోటోలు. నెగటివులు కదా, వాటిలో ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉంటాయి. మామూలుగా గెలాక్సీని ఫోటో తీస్తే దాని నడిబొడ్డు మరీ వెలుగుకి ఒకటే ముద్దగా పడుతుంది, అందులో ఏముందో తెలియదు. వీటిని కొద్దిసేపే వెలుగు పట్టి తీశారు. అందుకని నడిబొడ్డులో ఏ ముక్కకా ముక్క విడిగా కనిపిస్తోంది.

అసలు గెలాక్సీ నడుమ ఉండేవన్నీ ముసలి నక్షత్రాలేనని ఆమె పుస్తకాల్లో చదువుకుంది. అయితే కొన్నింట్లో మాత్రం సరిగ్గా ఆ నడుమే కొత్త నక్షత్రాలు గుంపులు గుంపులుగా పుడుతున్నాయట. ఒక్కో గుంపూ ఆ ఫిల్ముల మీద ఆవగింజలో పావు వంతు ఉండే నల్లచుక్క. అవి నడిబొడ్డులో ఏ చోట పుడుతున్నాయి, మిగతా చోట్లన్నీ వదిలి అక్కడే ఎందుకు పుడుతున్నాయి? అది తేల్చాలి.

"తేలిస్తే పేపరవుతుందమ్మా," అన్నారు జయరావు గారు. "మన ఇద్దరి పేర్లతో అచ్చవుతుంది. చూడ్డం నీ వంతు, రాయడం నా వంతు."

ఆ మాట వినగానే నసీమున్నీసాకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఎందుకంటే విశాఖపట్నం యూనివర్సిటీలో రీసెర్చి సీటుకి ఆమె అప్పటికే ఒకసారి ఉత్తరం రాసింది. మీ పేరుతో అచ్చయిన పేపరు ఒక్కటున్నా తప్పకుండా తీసుకుంటానని అక్కడి ప్రొఫెసరు జవాబిచ్చాడు. ఇక్కడ డెమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఏ ఏటికా ఏడు జూన్లో ఉంటుందో ఊడుతుందో తెలియనిది. ఆకాశం చదువు చదవాలంటే ఆమెకున్నది ఆ ఒక్క దారి. దానికి కావలసింది ఒక్క అచ్చుకాగితం మీద తన పేరు.

పని మొదలుపెట్టింది. లాబులో ట్రావెలింగ్ మైక్రోస్కోపు ఉండేది, బియస్సీ పిల్లలు గాజుదిమ్మెతో ప్రాక్టికల్సు చేసే ఇత్తడి పరికరం. దాని కింద ఫిల్ము పెట్టి, ఒక్కో చుక్క నడుమనించి ఎంత దూరం, ఏ దిక్కు అని చదివి నోటుబుక్కులో రాసుకునేది. తరవాత ట్రేసింగు కాగితం మీద నల్లసిరాతో బొమ్మ గీసేది. క్లాసుకీ క్లాసుకీ మధ్య దొరికిన గంటా అరగంటా అంతా ఆ ఇత్తడి గొట్టానికే. మార్చి నెలలో మిరప యార్డు మీదనించి గాలి తిరిగిందంటే లాబంతా ఘాటు కమ్మేసేది. కళ్లు నీళ్లు కారుతుంటే చుక్క రెండుగా కనబడేది. కొంగుతో ఒత్తుకుని, మళ్లీ మొదటినించి చదివేది. ఒక్క చుక్కని అయిదేసి సార్లు చదివిన రోజులున్నాయి.

మొదటి బొమ్మ పూర్తయిన రోజు జయరావు గారు దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, అచ్చులో వేసినట్టుందమ్మా అని మురిసిపోయారు. లైబ్రరీలో పనిచేసే ప్రేమమ్మని పిలిచి మరీ చూపించారు. ఆమె ముక్కున వేలేసుకుంది. మర్నాడు పొద్దున నసీమున్నీసా వచ్చి చూసేసరికి సిరాబుడ్డి దొర్లి బొమ్మ మొత్తం నల్లగా అయిపోయి ఉంది.

ఇంటికెళ్లి చెప్పి ఏడిస్తే జైనాబీ ఆశ్చర్యపోలేదు.

"దిష్టి తగిలింది. అంతమంది అంత బాగుందంటే తగలదా? ఈసారి గీసినప్పుడు ఓ మూలన నల్లచుక్క పెట్టు. బిడ్డకి పెట్టమా ఏంది? ఇదీ అట్టాగే," అంది.

నసీమున్నీసా నవ్వింది. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివిన మనిషి, సిరాబుడ్డికి మూత సరిగా పెట్టలేదని ఆమెకి తెలుసు. అయినా రెండోసారి బొమ్మ గీశాక, కలం కడగబోతూ ఆగి, ఎడమ అడుగున ఖాళీగా ఉన్న చోట ఒక చుక్క పెట్టింది. చిన్నప్పుడు పరీక్షకి వెళ్లేటప్పుడల్లా అమ్మ ఎడమ చెంప మీద, దవడ దగ్గర కాటుక పెట్టేది, ఆ వైపే. ఆ బొమ్మకి ఏమీ కాలేదు. ఇక అలవాటైపోయింది. ఇరవైమూడు బొమ్మలు, ఇరవైమూడు దిష్టిచుక్కలు. నోటుబుక్కులో మాత్రం వాటిని ఎక్కడా ఎక్కించలేదు. అది కొలత, ఇది అమ్మ మాట. రెండింటికీ తేడా ఆమెకి తెలుసు.

ఇరవయ్యో బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆమెకి ఒక సంగతి తట్టింది. కొత్త నక్షత్రాల గుంపులు సరిగ్గా నట్టనడుమ ఎక్కడా లేవు. నడుమ చుట్టూ చిన్న ఉంగరంలా ఉన్నాయి. అందులోనూ, గెలాక్సీ మధ్యగా అడ్డంగా, నక్షత్రాలు దూలంలా బారుతీరిన వెలుగుదూలం ఉన్నవాటిలో, ఆ దూలం ఉంగరాన్ని తాకే రెండు చోట్ల మరీ దట్టంగా ఉన్నాయి. ఎందుకో అర్థం కాలేదు. ఒక ఆదివారం పొద్దున తండ్రి దూది ఏకుతుంటే చూస్తూ కూర్చుంది. విల్లు నారి టంగుమని మోగుతోంది, రేగిన దూది నారికి అటూ ఇటూ రెండు కుప్పలు పడుతోంది. ఎందుకలా పడుతుందని అడిగింది.

"నారి మధ్యలో దేన్నీ నిలవనీదమ్మా," అన్నాడు హుస్సేన్ సాహెబ్, చెయ్యి ఆపకుండానే. "అట్టాగని దూరం కూడా పోనీదు. లాక్కొచ్చి ఆ పక్కా ఈ పక్కా పడేస్తది."

అంతే. ఆ దూలమే తిరుగుతూ దూరంనించి వాయువుని లోపలికి ఈడ్చుకొస్తోంది. నట్టనడిమికి చేరనివ్వక రెండు పక్కలా పోగేస్తోంది. పోగైన చోట నక్షత్రాలు పుడుతున్నాయి. సోమవారం పొద్దున్నే పరుగున వెళ్లి జయరావు గారికి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, బొమ్మలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటీ చూశారు. చివరికి, "నసీమా, ఇది రాయాల్సిన సంగతమ్మా," అన్నారు. ఆ రోజు ఆమెకి తిండి సయించలేదు, ఆనందంతో.

ఎనభై ఆరు డిసెంబరులో, సదస్సులో చూపించి వస్తానని బొమ్మలన్నీ అడిగి పట్టుకెళ్లారు. నోటుబుక్కు కూడా ఇవ్వమంటారా అని ఆమే అడిగింది. వద్దులేమ్మా, నీ దగ్గరే భద్రంగా ఉంచుకో అన్నారు. ఎంత మంచివారో అనుకుంది పిచ్చిది. నోటుబుక్కు నిండా ఆమె చేతిరాతే, అట్ట మీద ఆమె పేరే. బొమ్మల మీద పేరెక్కడుంది?

ఏడెనిమిది నెలలు గడిచాయి. పేపరేమైంది సార్ అని అడిగినప్పుడల్లా, రాస్తున్నానమ్మా, పరిశీలనలో ఉందమ్మా అనేవారు. ఇంట్లో జైనాబీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది, నీ పేరు అచ్చయిందా, నీ పేరు అచ్చయిందా అని. ఎనభై ఏడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం ప్రేమమ్మ లాబు గుమ్మం దగ్గరికొచ్చి చెయ్యి ఊపింది. ఖగోళశాస్త్రం బులెటిను వచ్చిందట, అందులో నీ బొమ్మలున్నాయమ్మా అంది, సంబరంగా.

బొమ్మలున్నాయి. పైన పేరొక్కటే ఉంది, జయరావు గారిది. నసీమున్నీసా మొదట పేజీ సరిగా తిప్పలేదేమో అనుకుంది. చివర కృతజ్ఞతల్లో వెతికింది. అబ్జర్వేటరీ వారికి, కాలేజీ వారికి, టైపు చేసిన తోమాకి, సహనం చూపిన భార్య దేవకుమారికి. ఆమె పేరు అక్కడా లేదు. వెలుగుదూలం సంగతి ఉంది, రెండు పక్కలా పోగవడం ఉంది, 'నాకు తోచినదేమంటే' అని మొదలుపెట్టి. ప్రేమమ్మ ఏమైందమ్మా అంటున్నా వినబడలేదు.

అప్పుడు పట్టిక చూసింది. ఆయన ఫిల్ముల జోలికి వెళ్లకుండా, బొమ్మల మీదే స్కేలు పెట్టి కొలుచుకున్నాడు. చివరి వరసకి 'ఒంటరి గుంపు' అని పేరు పెట్టాడు. ఇరవైమూడు గెలాక్సీల్లోనూ, ఉంగరానికి దూరంగా, ఎడమ అడుగున, ఒంటరిగా ఒక నక్షత్రాల గుంపు ఉందట. వాయువు నడిబొడ్డులోకి దిగే ద్వారం అదేనట. ఇంతకు ముందు ఎవరూ గమనించలేదట. ఎలా గమనిస్తారు, జైనాబీ పెట్టించిన చుక్కలాయె. జయరావు గారు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాడు. నర్సమ్మ అయిన తల్లి ఆయన బుగ్గ మీద ఏనాడూ కాటుక పెట్టి ఉండదు. అయినా రెండేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ గొట్టంలోకి కన్ను పెట్టి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు.

నేరుగా ఆయన గదికి వెళ్లి బులెటిను బల్ల మీద పెట్టింది.

"నా పేరేది సార్?"

జయరావు గారు తల దించుకున్నారు. రెండు పేర్లు పెడితే ఎవరి పని ఎంత అని అడుగుతారన్నారు. ప్రిన్సిపాలు పోస్టుకి తన పేరు పరిశీలనలో ఉందన్నారు. తరవాతి పేపరు మనిద్దరిదే అన్నారు. ఆ మెత్తటి గొంతుతోనే. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"మీ ఒంటరి గుంపు నక్షత్రాలు కావండి. అవి దిష్టిచుక్కలు. నేను పెట్టినవి," అంది.

ఆయనకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పింది, సిరాబుడ్డినించి మొదలుపెట్టి. చెబుతున్నకొద్దీ ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. సదస్సులో ఈ సంగతి విన్న పరదేశస్థుడెవరో రాసిన ఉత్తరం అంతకు రెండు రోజుల ముందే వచ్చిందట, మీరు చెప్పిన చోట మాకు ఏమీ కనబడలేదు అని. ఆ ఉత్తరం సొరుగులోంచి తీసి చూపించారు. కూర్చో అమ్మా అన్నారు. పాతికేళ్ల సర్వీసు అన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూసేసరికి ఆమె కోపం ఎటుపోయిందో పోయింది. దూది మూట మీద కూర్చున్న ఆ మనిషే గుర్తొచ్చాడు.

అప్పుడు అడిగారు. ఆ చుక్కలు ఎలా వచ్చాయో ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. దాన్ని జతచేసి సవరణ పంపిస్తానన్నారు.

"సవరణలో నీ పేరు ఉంటుంది నసీమా. బైబిలు మీద ప్రమాణం చేస్తున్నాను. ఈసారి తప్పకుండా అచ్చవుతుంది."

ఆయన చెబుతుంటే ఆమే రాసింది. 'మీ సూచనల ప్రకారం బొమ్మలు గీసే పనిలో ఉండగా' అని ఆయన అన్నప్పుడు కలం ఒక క్షణం ఆగింది. మర్యాదకి అలాగే రాస్తారమ్మా అన్నారు. రాసింది. ఆ చుక్కలు తానే పెట్టానని, అవి కొలతలు కావని, మా ఇళ్లలో అదొక ఆచారమని రాసి, కింద సంతకం పెట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి భయమెందుకు అనుకుంది.

సవరణ ఎనభై ఎనిమిది జనవరిలో వచ్చింది. విశాఖపట్నం దరఖాస్తు బల్ల సొరుగులోనే ఉంది, నెలాఖరుకి గడువు. 'అచ్చయిన పేపర్లు' అన్న గడి ఒక్కటే ఖాళీగా పెట్టుకుని కూర్చుంది. ఈసారి ప్రేమమ్మ బులెటిను తెచ్చి చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది.

ఇంగ్లీషులో ఆరు వరసలు. వాటి సారం ఇది. గడిచిన సంచికలో తాను ప్రకటించిన ఒంటరి గుంపులు నిజం కావని రచయిత విచారంతో తెలియజేస్తున్నారు. బొమ్మలు గీయడానికి పెట్టుకున్న సహాయకురాలు, మిస్ నసీమున్నీసా, మూఢనమ్మకం కొద్దీ, రచయితకి తెలియకుండా, వాటి మీద అదనపు గుర్తులు పెట్టింది. ఆమె సంతకం చేసిన ఒప్పుకోలు రచయిత వద్ద ఉంది. మిగిలిన ఫలితాలన్నీ, వెలుగుదూలానికి సంబంధించిన రచయిత సిద్ధాంతంతో సహా, యథాతథంగా నిలుస్తాయి.

ప్రమాణం తప్పలేదు ఆయన. పేరు వేయించాడు. ఒక్క అక్షరం తప్పు పోకుండా, మిస్ అని గౌరవంగా వేయించాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే, ఇంతకంటే తీరుగా ఎవరూ కోయలేరు. ఆ బులెటిను విశాఖపట్నానికీ వెళ్తుంది. ఆ ప్రొఫెసరు దగ్గర ఆమె ఉత్తరం ఉంది, పేరు గుర్తుపడతాడు. అట్ట మీద పేరున్న నోటుబుక్కు ఇంకా ఆమె దగ్గరే ఉంది, అందులో ఒక్క దిష్టిచుక్కా లేదు. కానీ ఆ కాగితం మీద సంతకం మాత్రం ఆమెదే. దరఖాస్తు తీసి నాలుగుగా మడిచి సంచిలో పెట్టుకుంది. బులెటిను తీసుకెళ్లమ్మా, ఇక్కడ దీన్ని చదివేవాళ్లెవరూ లేరు అంది ప్రేమమ్మ.

సాయంత్రం నల్లపాడులో దిగి ఇంటికొచ్చేసరికి పందిరి కింద తండ్రి పరుపు కుడుతున్నాడు. జైనాబీ గుమ్మంలోనే సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకాన్ని పట్టుకుంది. ఆమెకి చదువు రాదు. కానీ కూతురు రెండున్నరేళ్లుగా ఎదురుచూసిన పుస్తకం అట్ట ఏ రంగో ఆమెకి తెలుసు.

"వచ్చిందా?" అంది. "నీ పేరు పడిందా?"

నసీమున్నీసాకి అబద్ధం చెప్పడం చేతకాదు. పడిందమ్మా అంది.

ఎక్కడో చూపించమంది. పేజీ తీసి, నాలుగో వరసలో వేలు పెట్టి చూపించింది. జైనాబీ ఆ అక్షరాలకేసి వంగి, కళ్లు చికిలించి, చాలాసేపు చూసింది. హుస్సేన్ సాహెబ్ సూది పక్కన పెట్టి లేచొచ్చాడు. దూది అంటిన చేతులని చొక్కాకి తుడుచుకున్నాడు గానీ పుస్తకాన్ని ముట్టుకోలేదు.

"ఏమని రాశారే?" అని అడిగింది జైనాబీ.

నసీమున్నీసా వేలు ఆ వరస మీదే ఉంచింది.

"అది చేసింది నేనేనని రాశారమ్మా."

"రాయకేం చేస్తారు మరి," అంది జైనాబీ, గర్వంగా. "కళ్లు పోగొట్టుకుని చేశావు."

ఆమె లోపలికెళ్లింది. గూట్లోంచి కాటుకబరిణె తెచ్చింది. చూపుడువేలు అందులో అద్ది, కూతురు వారించే లోపే, అచ్చులో ఉన్న ఆ పేరు పక్కన, ఎడమ వైపు, నల్లగా ఒక చుక్క పెట్టింది. ఊరందరి కళ్లూ దీని మీదే ఉంటాయి, ఉండనీ అంది. నసీమున్నీసా ఆ చుక్కకేసి చూసి, తల్లి భుజం మీద మొహం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుని జైనాబీ కూడా ఏడ్చింది.